రహస్య వోటు చరిత్రయు, మన సంఘపు సభ్యుల పట్టికయు

2024వ సంవత్సరపు ఎన్నికలకు కొన్ని వారములు ముందుగా గుణదలయందలి మన సంఘకార్యాలయమునకు ఒక పెద్దమనుష్యులు దయచేసిరి. వారు మన కులమువారే; సంఘమునకు పలుమారు విరాళ మిచ్చినవారే. ఆ దినమున వారు కోరినది మాత్రము మన సభ్యుల పుస్తకము. అందు గృహయజమాని పేరు, ఇంట నున్న పెద్దల పేర్లు, ఇంటి నంబరు, ఫోను నంబరు, వోటరు కార్డు నంబరు వ్రాసికొనియుంటిమి. సహాయనిధి కొరకును, విద్యార్థి వేతనముల కొరకును, పెండ్లి సంబంధముల సమాచారము కొరకును వ్రాసికొన్న పుస్తకమది. "ఈ వార్డులో మనవి ఎన్ని వోట్లున్నవో కాగితముమీద చూపినగాని ఎవ్వరును మనలను లెక్కచేయరు" అని వారు సెలవిచ్చిరి. మేము పుస్తక మీయలేదు.

అందుకు కొందరు సభ్యులు నొచ్చుకొనిరి. సంఘము పెట్టుకొన్నదే కులమునకు బలము కూర్చుటకు గదా, ఉన్న బలమును దాచుకొనుట యేమి నీతి యని తరువాతి సమావేశమున అడిగిరి. ప్రశ్న న్యాయమైనదే. ఆనాడు ప్రొద్దుపోయినందున రెండు మాటలతో సరిపుచ్చితిమి. ఈ మహాసభా సంచికయందు ఆ సమాధానమును దాని వెనుకనున్న చరిత్రతో గూడ వ్రాయుచున్నాము. ఓపికతో చదువ ప్రార్థన.

వోటు రహస్యముగా నుండవలెననుట అనాదినుండి వచ్చిన యాచారము గాదు. ఇంగ్లండు దేశమున 1872 వరకు వోటరు నలుగురి యెదుట నిలిచి తన కిష్టుడైన అభ్యర్థి పేరు పైకి చెప్పవలసియుండెను. ఎవరెవరు ఎవరికి వోటు వేసిరో పుస్తకములుగా అచ్చొత్తించుటయు గలదు. భూస్వామి ఆ పుస్తకము చూచి కౌలుదారును భూమినుండి వెడలగొట్టవచ్చును. ధనికుడు అంగడివానియొద్ద బేరము మానవచ్చును. ఆస్ట్రేలియా ఖండమునందలి విక్టోరియా వలసరాజ్యము 1856లో అచ్చు బ్యాలెటును, చాటుగదిని ప్రవేశపెట్టెను. ఇంగ్లండు 1872లో బ్యాలెటు చట్టము చేసికొనెను. స్వాతంత్ర్యవాది యని పేరుగాంచిన జాన్ స్టూవర్టు మిల్లు సయితము రహస్య వోటును వ్యతిరేకించెను. వోటు ప్రజల పక్షమున వహించిన నిక్షేపము గనుక ప్రజల యెదుటనే వినియోగింపవలెననియు, భూస్వాముల యొత్తిడి యా కాలమునకు తగ్గిపోయినదనియు ఆయన తలంపు. కౌలుదారు లట్లు తలంచినట్లు కానరాదు.

మన మద్రాసు రాజధానికి వత్తము. 1919వ సంవత్సరపు చట్టము ననుసరించి 1920లో శాసనమండలికి ఎన్నికలు జరిగెను. పల్లెలయందు భూమిశిస్తు, పట్టణములయందు మునిసిపలు పన్ను వోటున కర్హతలు. జనాభాలో నూటికి సుమారు ముగ్గురికి మాత్రమే వోటు లభించెను. చేతిపనిచే బ్రదుకు మనవారిలో సొంత పట్టా గలవారు వ్రేళ్లమీద లెక్కింపదగినవారు. కావున మన తాతలలో అధికసంఖ్యాకులకు వోటనగా నొక వినికిడి మాత్రమే. స్త్రీల కడ్డుగా నున్న నిబంధనను మద్రాసు శాసనమండలి 1921లో తొలగించెను. ఈ విషయమున భారతదేశపు రాష్ట్రములలో మద్రాసుదే ప్రథమస్థానము. అయినను ఆస్తి నిబంధన నిలిచియుండుటచేత ఆ తలుపు తెరచినను లోపలికి పోగల స్త్రీలు కొలదిమందియే.

ఆనాటి వోటర్ల పట్టిక మనిషి మతము నెరిగియుండెను. మహమ్మదీయులకు, దేశీయ క్రైస్తవులకు, ఐరోపావారికి వేరువేరు నియోజకవర్గములు. తక్కిన సాధారణ స్థానములలో 28 బ్రాహ్మణేతరులకు ప్రత్యేకింపబడెను. గుణదల వంటి చోట దీని యర్థము సులభముగా తెలియును. మేరీమాత కొండ క్రింద ఒకే వీధిలో నివసించు క్రైస్తవ కుటుంబమును, హిందూ కుటుంబమును, ఉభయులకు వోటు అర్హత యున్నను, రెండు వేరు పట్టికలలో నుండవలసినవారే. ఒకరి అభ్యర్థి మరియొకరికి కాడు. ఆ విభజనలో కొందరికి రక్షణ దొరకిన మాట నిజము. కాని వోటు వేయక ముందే నీ వెవడవో సర్కారు కాగితమున వ్రాసియుండుట యను అలవాటు మనకు అప్పుడే పట్టువడినది. ఇది గుర్తుంచుకొనవలసిన సంగతి.

ఆ 1920లోనే భారత శాసనసభ 39వ చట్టము చేసి శిక్షాస్మృతిలో ఎన్నికల నేరముల అధ్యాయమును చేర్చెను. లంచము, అక్రమమైన ఒత్తిడి, ఒకరి పేర మరియొకరు వోటు వేయుట నేరములాయెను. సుమారు నూరేండ్లు నడచిన ఆ సెక్షనులు 2024 జూలై 1వ తేదీనుండి భారతీయ న్యాయసంహితలో 169 మొదలు గల సంఖ్యలతో కొనసాగుచున్నవి. శిక్షాస్మృతి మారినను నేరముల స్వభావము మారలేదు.

చదువురాని వోటరు రహస్యముగా వోటు వేయుట యెట్లు? గుర్తు పెట్టలేనివాడు మరియొకరి చేత పెట్టించుకొనవలెను. పెట్టినవానికి రహస్యము తెలిసిపోవును. ఈ చిక్కునకు మద్రాసు రాజధానిలో రంగుల పెట్టెలు కనిపెట్టిరి. 1937 ఎన్నికలలో కాంగ్రెసువారిది పసుపు పెట్టె. కాగితముపై నేమియు వ్రాయనక్కరలేదు. చాటునకు పోయి తనకిష్టమైన రంగు పెట్టెలో వేసి వచ్చిన చాలును. ఆ ఎన్నికలలో 215 స్థానములకు 159 కాంగ్రెసు గెలిచెను. మా చిన్నతనమున వృద్ధులు కాంగ్రెసువారిని గూర్చి మాటాడునపుడు పసుపు పెట్టె యనియే చెప్పుచుండుట వినియున్నాము. పార్టీ పేరుకన్న పెట్టె రంగే వారికి దగ్గరి చుట్టము.

1950లో రాజ్యాంగము అమలులోనికి వచ్చినంతనే పాత పట్టికలు చెల్లిపోయెను. 325వ అధికరణము ప్రకారము ఒక్కొక్క నియోజకవర్గమునకు ఒకే పట్టిక. మతము, జాతి, కులము, స్త్రీపురుష భేదము కారణముగా ఎవ్వరిని అందునుండి తప్పింపరాదు. 326వ అధికరణము వయోజనులందరికి వోటు నిచ్చెను. అప్పటికి వయస్సు 21 ఏండ్లు. 61వ సవరణచేత 1989నుండి 18 ఏండ్లు. మొదటి సార్వత్రిక ఎన్నికల పట్టికలో 17 కోట్ల 32 లక్షల పేర్లుండెను. ఉత్తరదేశమున సుమారు 28 లక్షలమంది స్త్రీలు తమ పేరు చెప్పుటకు సమ్మతింపక "ఫలానావాని భార్య", "ఫలానావాని తల్లి" యని మాత్రమే వ్రాయించుకొనిరి. ప్రధాన ఎన్నికల కమీషనరు సుకుమార్ సేన్ అట్టి యెంట్రీలను ఒప్పుకొనక తీసివేయించెను. వోటునకై మనిషి తన సొంత పేరు రాజ్యమునకు చెప్పుకొనవలెనన్నది ఆనాటి కఠిన పాఠము. ఆ పేరు ఆ పనికే గాని వేరు పనికి గాదన్నది నేర్చుకొనుటకు మనకు మరి డెబ్బది యేండ్లు పట్టినది.

1952లో విజయవాడ లోక్‌సభా స్థానమున కమ్యూనిస్టుల మద్దతుతో స్వతంత్ర అభ్యర్థియైన హరీంద్రనాథ్ చట్టోపాధ్యాయ గెలిచెను. కవియు, నటుడు నగు వంగదేశీయుని బెజవాడ వోటరు ఢిల్లీకి పంపుట ముచ్చటైన సంగతియే. ఆయనకు ఈ జిల్లాలో కులమును లేదు, చుట్టరికమును లేదు. ఇక్కడి వోట్లన్నియు కులము లెక్కనే పడునని రూఢిగా పలుకువారికి ఈ యొక్క పేరు జ్ఞాపకము చేయుచుందుము.

ఆ ఎన్నికలలో అభ్యర్థి కొక పెట్టె, పెట్టెపై గుర్తు. పద్ధతి సులభమే గాని లోపము గలది. చాటునకు వెళ్లినవాడు కాగితమును పెట్టెలో వేయక జేబులో దాచి బయటికి తెచ్చి అమ్ముకొనవచ్చును. అందుచేత 1962 సార్వత్రిక ఎన్నికలనాటికి అందరి పేర్లును గల ఒకే బ్యాలెటు కాగితము, దానిపై ముద్ర, అందరికి ఒకే పెట్టె యను పద్ధతి వ్యాపించెను.

ఇక మనబోటి సంఘములకు ముఖ్యమైన భాగము. 1951వ సంవత్సరపు ప్రజాప్రాతినిధ్య చట్టమున 94వ సెక్షను ప్రకారము ఎవరికి వోటు వేసితివో చెప్పుమని న్యాయస్థానము కూడ సాక్షిని నిర్బంధింపరాదు. 128వ సెక్షను ప్రకారము ఎన్నికల ఉద్యోగి గాని, ఏజెంటు గాని రహస్యమును బయటపెట్టిన మూడు నెలల వరకు ఖైదు, లేక జరిమానా, లేక రెండును. ఇవి తరచుగా వినబడునవే. 123వ సెక్షను రెండవ ఉపభాగమును మనవారిలో చదివినవారు తక్కువ. అక్రమమైన ఒత్తిడి యనగా నేమో చెప్పుచు ఆ చట్టము సంఘబహిష్కారమును, కులమునుండి గాని సమాజమునుండి గాని వెలివేయుదుమని బెదరించుటను పేరుపెట్టి చెప్పినది. దైవకోపమునకు గురియగుదువని నమ్మించుటయు అందులోనిదే. అభ్యర్థిగాని, ఆయన ఏజెంటుగాని, వారి సమ్మతితో మరియొకరుగాని ఆ పని చేసిన ఎన్నికయే రద్దుకావచ్చును.

చట్టము చేసినవారికి మన కులపెద్దల తీర్పులు, రచ్చబండలు, నిప్పు నీళ్లు ఆపివేయుటలు తెలియనివి కావు. భూస్వామిని చూచి ఇంగ్లండు చట్టము చేసికొన్నట్లే, కులపెద్దను చూచి మన దేశము ఈ మాట వ్రాసికొన్నది. చాటుగది తెర జమీందారునకు మాత్రమే అడ్డము గాదు. బాబాయికిని, పెదనాన్నకును, సంఘాధ్యక్షునికిని, ఈ వ్యాసము వ్రాయు మాకును అడ్డమే. డెల్టా పల్లెలలో డబ్బు పంచునపుడు దేవుని పటముమీదను, పసుపుకుంకుమల మీదను ప్రమాణము చేయించు నలవాటు గలదు. తెర వెనుక నేమి జరుగునో తెలిసికొన వీలులేదు గనుకనే దేవుని సాక్షిగా పిలుచుచున్నారు. ఆ ప్రమాణము చేసి మనసులో కుములు వృద్ధస్త్రీలను మేము చూచితిమి. వారికి చెప్పవలసిన దొక్కటి: అట్టి ప్రమాణము చేయించుటయే తప్పు, దానిని మీరుట గాదు.

మతపెద్ద యాజ్ఞ విషయమున సుప్రీంకోర్టు 1959లో రాందయాళ్, సంత్‌లాల్ వ్యాజ్యమున తీర్పు చెప్పెను. నామ్‌ధారీ సిక్కుల గురువు ఒక అభ్యర్థికి వోటు వేయవలసినదిగా తన శిష్యుల కాజ్ఞ యిచ్చెను. గురువైనను తన అభిప్రాయము చెప్పుకొనవచ్చును, తనవారిని కోరవచ్చును. కాని శిష్యునకు వేరు త్రోవ లేకుండ, ఉల్లంఘించిన దైవాగ్రహము తప్పదన్నట్లు శాసించుట అక్రమమైన ఒత్తిడి యని న్యాయస్థానము నిర్ణయించి ఆ ఎన్నికను నిలువనీయలేదు. సలహాకును శాసనమునకును గల ఈ భేదము కులసంఘముల తీర్మానములకు చక్కగా వర్తించును. 2017 జనవరి 2వ తేదీన ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము అభిరాంసింగ్ వ్యాజ్యమున నలుగురి మెజారిటీతో మరియొక మెట్టు ముందుకు పోయినది. అభ్యర్థి తన కులమును చూపి అడుగుటయే గాక, వోటరు కులమును చూపి వోటడుగుటయు అవినీతికర చర్య యని తేల్చెను. షెడ్యూల్డు కులముల, తెగలవారిని ఫలానావానికి వోటు వేయుమని, లేక అసలు వేయవలదని బెదరించుట 1989వ సంవత్సరపు అత్యాచార నిరోధక చట్టమున ప్రత్యేక నేరముగా నున్నది. ఆ నిబంధన ఏల కావలసివచ్చెనో ఈ జిల్లాలో పుట్టి పెరిగినవారికి వివరింప నక్కరలేదు.

రహస్యము వోటరు సొత్తని 1980లో రఘ్‌బీర్ సింగ్ గిల్, గురుచరణ్ సింగ్ తోహ్రా వ్యాజ్యమున సుప్రీంకోర్టు చెప్పినది. ఇష్టమున్న తానే బయటపెట్టుకొనవచ్చును. పెట్టుమని మరియొకరు బలవంతము చేయరాదు. 2006లో కులదీప్ నయ్యర్ వ్యాజ్యమున రాజ్యసభ ఎన్నికలకు మాత్రము బాహాటపు వోటు చెల్లునని చెప్పిరి. అచ్చట వోటు వేయువారు ప్రజల ప్రతినిధులు గనుక తమ పార్టీకి జవాబుదారులు. సామాన్య వోటరు ఎవ్వరికిని జవాబుదారుడు గాడు.

ఎవ్వరికిని వోటు వేయ నిష్టపడనివాని రహస్యము సంగతి యేమి? 1961వ సంవత్సరపు నియమములలో 49-ఓ క్రింద అట్టివాడు పోలింగు కేంద్రమున అధికారికి ఆ మాట చెప్పి పుస్తకములో సంతకము చేయవలసియుండెను. ఏజెంట్లందరి యెదుట "నాకు మీలో ఎవ్వరును వలదు" అని చెప్పుట కెంత గుండె కావలయును! పౌరస్వేచ్ఛా సంఘమువారు 2004లో వేసిన వ్యాజ్యమున 2013 సెప్టెంబరు 27వ తేదీన తీర్పు వచ్చి, వోటింగు యంత్రముపై "పైవారెవ్వరును కారు" అను మీట చేరినది. మన రాష్ట్రమున 2014 ఎన్నికలనుండి దానిని చూచుచున్నాము. దానివలన ప్రభుత్వములు మారకపోవచ్చును. కాని వద్దనువాని రహస్యము కూడ రహస్యమేనని గుర్తింపబడినది.

ఇంతవరకు ఒక్కొక్క మనిషి రహస్యము. వీధి రహస్యము, వాడ రహస్యము వేరు కథ. పెట్టెలలోని కాగితములను లెక్కకు ముందు కలిపివేసిన ఏ వాడవా రెవరికి వేసిరో తెలియదు. అట్లు కలుపుటకు ఎన్నికల సంఘమునకు అధికార మిచ్చు 59-ఏ నియమము 1993లో వచ్చినది. యంత్రములు వచ్చిన పిమ్మట ఒక్కొక్క యంత్రపు లెక్క వేరువేరుగా చెప్పబడుచున్నది. ఫారము 20లో పోలింగు కేంద్రముల వారీగా అంకెలు ప్రకటింపబడుచున్నవి. ఒక కేంద్రమున వేయిమంది, కొంచె మెక్కువ వోటర్లుందురు. అనగా రెండు మూడు వీధులు. ఫలితము వచ్చిన మరునాడే ఏ వీధి తన కెదురు తిరిగినదో గెలిచినవాడును, ఓడినవాడును చూచుకొనవచ్చును. కొన్ని యంత్రముల లెక్కలను ఒకటిగా కూడి చూపు "టోటలైజరు" అను పరికరమును వాడుదమని ఎన్నికల సంఘము 2008లో ప్రతిపాదించెను. న్యాయ కమీషను 2015 మార్చిలో తన 255వ నివేదికయందు బలపరచెను. కేంద్రప్రభుత్వ మంగీకరింపలేదు. ఎచ్చట తమకు బలము తగ్గినదో పార్టీలు తెలిసికొనవలెను గదా యన్నది వారి వాదములలో నొకటి. పార్టీలకు తెలియుట మంచిదే. మా మురుగుకాలువ బాగుపడుట దానిమీద ఆధారపడకున్న చాలును.

పుస్తకము కోరిన పెద్దమనుష్యులకు మేము చెప్పవలసియుండిన ప్రథమ కారణ మిదియే. "ఈ వీధిలో మావి ఇన్ని వోట్లు" అని సంఘము కాగితమిచ్చిన యెడల, అది లెక్క గాదు, వాగ్దానము. ఇతరుల వోట్లను మన మిచ్చిన వాగ్దానము. ఫారము 20లోని అంకె ఆ వాగ్దానమునకు సరిపడనినాడు నింద సంఘమునకు రాదు. ఆ వీధిలోని అనామక కుటుంబములకు వచ్చును. పేర్లు, ఇంటి నంబర్లు మనమే అందించియుందుము గావున వెదకుకొనవలసిన శ్రమ కూడ వారికుండదు.

రెండవ కారణము పట్టికలకు సంబంధించినది. 2015 మార్చిలో ఎన్నికల సంఘము వోటర్ల జాబితాల పరిశుద్ధి యను పేర ఆధారు నంబరును వోటరు కార్డుతో కలుపు పని ప్రారంభించెను. ఆ యాగస్టు 11వ తేదీన సుప్రీంకోర్టు ఆధారు వినియోగమును పరిమితము చేయగా రెండు దినములలో దానిని నిలిపివేసిరి. కాని అప్పటికి తెలుగు రాష్ట్రములు రెంటియందును పని చాల దూరము నడచినది. 2018 డిసెంబరు 7న తెలంగాణ శాసనసభకు పోలింగు జరిగిన దినమున ఎందరో తమ పేర్లు కానక వెనుదిరిగిరి. బ్యాడ్మింటను క్రీడాకారిణి గుత్తా జ్వాల పేరును కనబడలేదు. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి క్షమాపణ చెప్పెను. క్షమాపణ మర్యాదయే గాని పోయిన వోటు తిరిగిరాదు.

విచారణ లేకయే సాఫ్టువేరు సహాయమున పేర్లు తొలగించిరని పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి 2018లో హైదరాబాదునందలి హైకోర్టున వ్యాజ్యము వేసెను. హైకోర్టు 2022లో దానిని కొట్టివేయగా, సుప్రీంకోర్టు అదే సంవత్సరము డిసెంబరున ఎన్నికల సంఘమునకు నోటీసు పంపెను. ఇంతలో 2021 డిసెంబరున పార్లమెంటు ఆధారు కలుపుటకు చట్టసవరణ చేసెను. నియమములు 2022 ఆగస్టు 1న అమలులోనికి వచ్చెను. చట్టము ఆధారు తప్పనిసరి యనలేదు; కాని 6-బి ఫారమున నున్నవి రెండే త్రోవలు: నంబ రిచ్చుట, లేక నాకు ఆధారు లేదని వ్రాయుట. ఉన్నది గాని యీయ నిష్టము లేదనువానికి చోటు లేదు. ఈ సంగతిని పట్టుకొని తెలంగాణకు చెందిన జి. నిరంజన్ సుప్రీంకోర్టున వ్యాజ్యము వేయగా, నంబరు తప్పనిసరి కాదనియు, ఫారములలో తగిన మార్పుల నాలోచించుచున్నామనియు ఎన్నికల సంఘము 2023 సెప్టెంబరులో చెప్పినది. అప్పటికే 66 కోట్ల 23 లక్షల నంబర్లు చేరియుండెను. మనవారిలో ఇష్టపడి యిచ్చినవారెందరో, తప్పదనుకొని యిచ్చినవారెందరో!

మన ఆంధ్రప్రదేశమున 2019 ఎన్నికల ముంగిట పేర్లు తొలగింపుడని 7వ ఫారములు లక్షల సంఖ్యలో వచ్చిపడెను. తమ పేర దరఖాస్తు పెట్టినట్లు తెలియనివారే అనేకులు. అసత్యమైన ఫారము పెట్టుట 1950వ సంవత్సరపు చట్టమున 31వ సెక్షను క్రింద ఏడాది వరకు ఖైదు పడదగిన నేరము. 22వ సెక్షను ప్రకారము వినిపించుకొను అవకాశ మీయక ఎవ్వరి పేరును తొలగింపరాదు. 24వ సెక్షను క్రింద అప్పీలు కలదు. ఈ మూడు సంఖ్యలను సభ్యులు గోడమీద వ్రాసికొన్నను తప్పులేదు. ఆ కాలముననే వోటర్ల వివరములు రాజకీయపు సాఫ్టువేరులోనికి చేరినవన్న ఆరోపణపై హైదరాబాదున పోలీసు కేసు నడచి, పార్టీలు ఒకదాని నొకటి నిందించుకొనెను. ఎవరిది తప్పో తీర్పు చెప్పుట మా పని గాదు. వివరములు విలువగల సరకైనవని మాత్రము అందరికి తెలిసినది. 2020 జనవరిలో తెలంగాణ రాష్ట్ర ఎన్నికల సంఘము కొంపల్లి మునిసిపాలిటీలోని పది పోలింగు కేంద్రములలో ముఖమును యంత్రముచే గుర్తించు పద్ధతిని పరీక్షించెను. పసుపు పెట్టెనాటి వోటరు ముఖమును పోలింగు అధికారి చూచెడివాడు. ఇప్పుడు యంత్రము చూచి జ్ఞాపక ముంచుకొనగలదు.

అంతరంగిక జీవనము ప్రాథమిక హక్కని తొమ్మండుగురు న్యాయమూర్తులు 2017 ఆగస్టు 24వ తేదీన పుట్టస్వామి వ్యాజ్యమున ఏకగ్రీవముగా తీర్పు చెప్పిరి. 2018 అక్టోబరులో కమలనాథ్ వ్యాజ్యమున, వోటర్ల జాబితాను యంత్రము చదివి వెదకుటకు వీలగు రూపమున పార్టీల కీయవలసినదని ఆజ్ఞాపింప సుప్రీంకోర్టు నిరాకరించెను. జాబితాలో దొంగ పేర్లు కనిపెట్టుటకు అట్టి రూపము కావలెనన్న వాదమునందు బలము లేకపోలేదు. పట్టిక తెరచియుండుటయు, మనిషి వివరము దాగియుండుటయు రెండును న్యాయములే. వాటికి నిత్యము పెనుగులాటయే.

ఇప్పుడు చిన్న విషయము, కాని మాకు అన్నిటికన్న పెద్దదిగా తోచునది. సర్కారు వోటర్ల జాబితాను తీసి చూడుడు. పేరు, తండ్రి లేక భర్త పేరు, ఇంటి నంబరు, వయస్సు, స్త్రీయో పురుషుడో. కులము లేదు. 325వ అధికరణము తరువాత ఆ గడికి చోటు లేదు. అయినను ఎన్నికల దినములలో ఏ పార్టీ కార్యకర్త చేతి కాగితము చూచినను ప్రతి పేరు ప్రక్కన పెన్సిలుతో కులము వ్రాసియుండును. రాజ్యాంగము తుడిచివేసినదానిని తిరిగి వ్రాసిన దెవరు? బయటివారికి మన యింటి గుట్టు తెలియదు. మనవారొకరు ప్రక్కన కూర్చుండి "ఈయన మనవాడు, ఈమె పుట్టిల్లు ఫలానా, వీ రా మతము పుచ్చుకొన్నారు" అని చెప్పగా వ్రాసినదే. మన పుస్తక మిచ్చియున్న ఆ కూర్చుండు శ్రమ కూడ తప్పెడిది.

సభ్యులు సహాయనిధికై యిచ్చిన వివరములను మరియొక పనికి వాడుట నమ్మకద్రోహమని చెప్పుటకు చట్ట మక్కరలేదు. అయినను చట్టమును వచ్చినది. 2023 ఆగస్టున చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము ఏ పనికై సమ్మతి పొందితిమో ఆ పనికే వివరములను వాడుకొనవలెననుచున్నది. దాని నియమములు 2025 నవంబరులో ప్రకటింపబడి క్రమక్రమముగా అమలునకు రావలసియున్నవి. చిన్న సంఘముల కది ఎంతవరకు వర్తించునో న్యాయవాదులను అడిగి తెలిసికొందుము. దానికొరకు ఆగనవసరము లేదు.

అట్లయిన కులమునకు బలమెట్లు వచ్చు నందురా? ఆ ప్రశ్న మిగిలియేయున్నది. తేలికగా త్రోసివేయుట లేదు. మన పిల్లల వసతిగృహమునకు స్థలము కావలెను. వృద్ధులకు పింఛను రావలెను. వాటిని బహిరంగముగా, మహాసభ తీర్మానముగా, అన్ని పార్టీల అభ్యర్థులను ఒకే వేదికపైకి పిలిచి అడుగుదము. ఇన్ని కుటుంబములున్నవి, ఇందరు విద్యార్థులున్నారు అని అంకె చెప్పవచ్చును, పేరు చెప్పనక్కరలేదు. ఇట్లడిగిన తక్కువ దొరకునని మన దాతలలో ఒకరు మాతో అనిరి. కావచ్చును. పుస్తకము అమ్మిన సంఘములకు ఎక్కువ దొరకిన సంగతి మాకు తెలియనిది కాదు. కాని అక్కడ దొరకినది అధ్యక్షునికో, వీధికో విచారింపుడు.

ఇంటిలోని సంగతి కూడ ఒక మాట. చూపు లేనివారికి, అశక్తులకు తోడుగా వెళ్లువాడు 18 ఏండ్లు నిండినవాడై యుండవలెను. ఒక దినమున ఒక్కరికే తోడు పోవలెను. రహస్యము కాపాడుదునని వ్రాసి యీయవలెను. 2024 ఎన్నికలలో 85 ఏండ్లు దాటినవారికి ఇంటివద్దనే వోటు వేయు వసతి కల్పించిరి. మంచిదే. కాని అధికారులు వచ్చినపుడు కొడుకులు, కోడండ్రు, మనుమలు మంచముచుట్టు మూగి "ఇక్కడ, ఇక్కడ" అని వ్రేలు చూపుట వింటిమి. ఆ నిమిషమున గదినుండి బయటికి పోవుడు. అమ్మ కిష్టమున్న తరువాత చెప్పును.

ఈ సంవత్సరము అచ్చువేయించిన సభ్యత్వపు ఫారమున వోటరు కార్డు గడి తీసివేసితిమి. ఆధారు గడి చేర్చవలెనన్న సూచనను కార్యవర్గము త్రోసిపుచ్చినది. పాత పుస్తకమున వోటరు నంబర్లున్న నిలువువరుసపై నల్లసిరా పూయుచున్నారు. మన యువజన విభాగము పిల్లలు ఇద్దరు ఆదివారములందు ఆ పని చేయుచు సగము పుస్తకము ముగించిరి. చూడగోరిన సభ్యులు ఎవరి పుట వారు చూడవచ్చును. ఇతరుల పుట తెరుచుటకు మాత్రము కార్యదర్శి తాళపుచెవి యీయరు.